పెరటి మొక్కకు తెగులొచ్చిందా? మందు కంటే ముందు పేరు పట్టండి

శంషాబాద్, పాల్మాకుల, నర్కూడ, ముచ్చింతల్, పెద్ద గోల్కొండ చుట్టుపక్కల ఇప్పుడు ఎకరాల లెక్కన సాగు చేసే వాళ్లు తగ్గిపోయారు. విమానాశ్రయానికే దాదాపు 5,500 ఎకరాలు పోయాయి. 2008 మార్చిలో విమానాలు దిగడం మొదలైంది. ఆ తర్వాత ఔటర్ రింగు రోడ్డు, వెంచర్లు, గోదాములు వచ్చాయి. మిగిలిన చిన్న రైతు చేతిలో పది గుంటలో, ఇరవై గుంటలో చెల్క, ఒక బోరు, ఇంటి వెనుక నాలుగు చెట్లు ఉన్నాయి. ఆ పది గుంటల్లోనే టమాట, బెండ, వంగ, ఆకుకూరలు, ఒక పక్క బంతి, చామంతి, గులాబీ. తెల్లారేసరికి గుడిమల్కాపూర్ మార్కెట్‌కో, మెహిదీపట్నం రైతుబజారుకో మూట చేరాలి. చేరితేనే ఆ వారం ఇల్లు గడుస్తుంది.

ఇంత చిన్న కమతంలో తెగులు పడితే నష్టం పెద్దదే. పది ఎకరాల ఆసామికి ఒక మూల ఎండిపోతే మిగతా మూల ఉంటుంది. పది గుంటల వాళ్లకు ఆ మూలే పొలమంతా. అందుకే భయంతో మందుల దుకాణానికి పరుగెత్తుతాం. అక్కడ అడిగేది ఒకటే మాట: "ఆకులు ముడుచుకుంటున్నయ్, ఏదన్న మంచి మందియ్యన్నా." ఆయన ఒక పురుగు మందు, ఒక తెగులు మందు, పైన ఒక టానిక్ చేతిలో పెడతాడు. మూడూ ఒకే ట్యాంకులో కలిపి కొడతాం. తగ్గదు. వారానికి మళ్లీ వేరే మూడు. చివరికి పంట మీద వచ్చే డబ్బు దుకాణం బాకీకే చాలదు.

ఈ తిప్పలు తప్పాలంటే ముందు తెగులు ఏ జాతిదో తెలియాలి. మనం తెగులు అని పిలిచేవన్నీ ఒకటి కావు. శిలీంధ్రం, అంటే బూజు జాతి వల్ల వచ్చేవి కొన్ని. వీటికి మందులున్నాయి. బాక్టీరియా వల్ల వచ్చేవి కొన్ని. వీటిని కొంతవరకు ఆపగలం. వైరస్ వల్ల వచ్చేవి ఇంకొన్ని. వీటికి ఏ దుకాణంలోనూ మందు లేదు, ఉందని ఎవరు చెప్పినా నమ్మవద్దు. ఇక తెగులే కానివి చాలా ఉన్నాయి. నీళ్లు ఎక్కువై, నీళ్లు తక్కువై, ఇనుపధాతువు అందక, బోరు నీటిలో ఉప్పు ఎక్కువై మొక్క పాలిపోతుంది. దానికి తెగులు మందు కొడితే డబ్బు మట్టిలో పోసినట్టే.

మొక్క దగ్గర కూర్చుని చూడండి

పొద్దున్నే, మంచు ఆరకముందు చూడాలి. ఆకు పైన చూసి వదిలేయకుండా తిప్పి అడుగున చూడండి. సగం రోగాల గుట్టు ఆకు అడుగునే ఉంటుంది. తెల్లదోమ, తామర పురుగు, ఎర్రనల్లి అక్కడే కాపురముంటాయి. బూజు తెగులు కూడా అడుగునే బూడిద రంగు నూగులాగా కనబడుతుంది.

చేనంతా ఒకేసారి పసుపెక్కితే అది చాలావరకు నీళ్లదో, ఎరువుదో, భూమిదో లోపం. అక్కడొకటి ఇక్కడొకటి మొక్క చెడిపోతే వైరస్‌నో, ఎండు తెగులునో అనుమానించాలి. ఒక మూలనుంచి మొదలై చుట్టూ పాకుతుంటే భూమిలోంచి వస్తున్న తెగులు కావచ్చు. రోడ్డు పక్కన వరసలోనే ఆకులు మొద్దుబారి, కంచు రంగుకు తిరిగి, సన్నటి గూడు కనబడితే అది ఎర్రనల్లి. ఔటర్ రింగు రోడ్డు సర్వీసు దారులు, మట్టి టిప్పర్లు తిరిగే బాటలు ఉన్న చోట ఈ బాధ ఎక్కువగా చూస్తాం. దుమ్ము పడిన ఆకు నల్లికి మంచి చోటు, దాన్ని తినే మేలు పురుగులకు మాత్రం అక్కడ బతకడం కష్టం. పెరటి మొక్కలైతే వారానికి రెండుసార్లు పైపుతో ఆకు అడుగు కడిగితే సగం నల్లి పోతుంది.

నారుమడిలోనే సగం పని

టమాట, వంగ, మిరప నారు పోసిన పది రోజులకే మొదట్లో మెత్తబడి, గుంపులు గుంపులుగా పడిపోతుంది. ఇది నారుకుళ్లు. వానలు పట్టిన మృగశిర, ఆరుద్ర కార్తెల్లో నారు పోసిన వాళ్లకు బాగా తెలుసు. దీనికి మూలం మందు లేకపోవడం కాదు, నీళ్లు నిలవడం, నారు వత్తుగా ఉండటం. మడిని జానెడు ఎత్తుగా, మీటరు వెడల్పుతో చేసుకోవాలి. చుట్టూ కాలువ తీయాలి. విత్తనాన్ని చల్లేయకుండా నాలుగు వేళ్ల ఎడంతో గీతల్లో వేసి, కిలోకు 3 గ్రాముల థైరం గాని కాప్టాన్ గాని పట్టించాలి. కుళ్లు కనబడితే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి ఆ మట్టి తడిసేటట్టు పోయాలి. ఆకుల మీద చల్లితే లాభం లేదు, తెగులు ఉన్నది మట్టిలో.

ఎండాకాలంలో చేసే పని ఇంకొకటుంది, ఖర్చు తక్కువ. ఏప్రిల్, మే నెలల్లో నారుమడి వేసే చోటును బాగా దున్ని, తడిపి, పలచటి తెల్ల పాలిథిన్ పట్టా పరిచి, అంచులు మట్టితో కప్పి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయాలి. మన దగ్గర ఎండ ఎంత ఘోరమో చెప్పక్కర్లేదు. ఆ ఎండనే పనికి పెట్టుకోవడం ఇది. పట్టా కింద మట్టి వేడెక్కి నారుకుళ్లు బూజు, నులి పురుగులు, కలుపు గింజలు చాలావరకు చస్తాయి. నల్ల పట్టా వేస్తే ఇంత వేడి రాదు. తెల్లగా, ఎండ లోపలికి పోయేదే కావాలి.

ట్రైకోడెర్మా పేరు చాలామంది విన్నారు. ఇది మేలు చేసే బూజు. చెడు బూజును తిని బతుకుతుంది. 200 గ్రాముల ట్రైకోడెర్మా పొడిని 9 కిలోల బాగా మాగిన పెంట ఎరువు, ఒక కిలో వేపపిండిలో కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో గోనె కప్పి వారం పది రోజులు ఉంచాలి. ఎరువు మీద ఆకుపచ్చటి బూజు అల్లుకుంటే తయారైనట్టు. దాన్ని నాటే గుంటల్లో గుప్పెడు గుప్పెడు వేయాలి. చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, దీన్ని వేసిన మర్నాడే తెగులు మందు పోయడం. పోసిన మందు చెడ్డ బూజుతో పాటు దీన్నీ చంపుతుంది. కనీసం పది పదిహేను రోజుల ఎడం ఉండాలి.

ఆకుముడత, పల్లాకు: మందు లేని తెగుళ్లు

ఇక అసలు కష్టానికి వద్దాం. టమాటలో ఆకులు చిన్నబడి, పైకి ముడుచుకుని, మొక్క గిడసబారి పొదలాగా అవుతుంది. పూత వచ్చినా కాయ నిలవదు. ఇది ఆకుముడత. బెండలో ఆకు ఈనెలు పసుపుపచ్చగా వలలాగా మారి, చివరికి కాయలు కూడా తెల్లగా, పెళుసుగా వస్తాయి. ఇది పల్లాకు తెగులు, శంఖు రోగమని కూడా అంటారు. రెండూ వైరస్ రోగాలే. రెండింటినీ మోసేది తెల్లదోమ. టమాట లేత మొవ్వు మాడిపోయి, కాయల మీద గుండ్రటి ఉంగరాలు పడితే అది మొవ్వుకుళ్లు, దాన్ని మోసేది తామర పురుగు.

మొక్క లోపలికి పోయిన వైరస్‌ను ఏ మందూ చంపదు. మందు కొడితే చచ్చేది దోమ. ఆ దోమ అప్పటికే నాలుగు మొక్కలకు అంటించి ఉంటుంది. కాబట్టి ఈ తెగులులో పోరాటమంతా ముందుగానే జరగాలి. నారుమడి మీద 40 మెష్ నైలాన్ వల కప్పితే లేత నారుకు దోమ తగలదు. చిన్న వయసులో తెగులు సోకిన మొక్క ఏమీ ఇవ్వదు, కాత మొదలయ్యాక సోకినది కొంతైనా ఇస్తుంది. అందుకే మొదటి నెల కాపాడుకోగలిగితే పంట దక్కినట్టే. పొలం చుట్టూ మూడు వరసల జొన్నో, మొక్కజొన్నో టమాట నాటడానికి ముందే వేయాలి. బెండ విత్తనానికి కిలోకు 5 గ్రాముల ఇమిడాక్లోప్రిడ్ పట్టించి విత్తితే మొదటి వారాల్లో దోమ ఆగుతుంది. ప్యాకెట్ విత్తనం రంగు పూసి వస్తే ముందే మందు పట్టించారన్నమాట, మళ్లీ పట్టించనక్కర్లేదు.

పసుపు రంగు జిగురు అట్టలు దుకాణంలో దొరుకుతాయి. కొనలేకపోతే పాత నూనె డబ్బాకు పసుపు పెయింటు వేసి, ఆముదమో గ్రీజో పూసి, మొక్కల ఎత్తుకు కొంచెం పైన కర్రకు కట్టండి. దీంతో దోమ అంతా పోదు గానీ ఎంత ఉందో తెలుస్తుంది. తామర పురుగుకైతే నీలం రంగు కావాలి.

తెగులు సోకిన మొక్కను పీకాలి. ఈ మాట చెప్పడం సులువు, చేయడం కష్టం. నీళ్లు పోసి పెంచిన మొక్క, పచ్చగానే ఉంది, పీకడానికి చేయి రాదు. "ఉండనీ, నాలుగు కాయలన్న ఇయ్యదా" అనుకుంటాం. ఆ నాలుగు కాయల కోసం ఉంచిన మొక్క పక్కనున్న నలభై మొక్కలకు అంటిస్తుంది. నాటిన మొదటి నెలలో కనబడ్డ ప్రతి ముడత మొక్కనూ పీకి, సంచిలో వేసి తీసుకుపోయి కాల్చాలి. గట్టు మీద పారేస్తే దోమ లేచి మళ్లీ చేనులోకే పోతుంది.

విత్తనం ఎంచుకునేటప్పుడే తట్టుకునే రకం చూసుకోవాలి. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క రక్షక్ టమాట హైబ్రిడ్ ఆకుముడతను, బాక్టీరియా ఎండు తెగులును, ఆకుమాడును మూడింటినీ తట్టుకుంటుంది. బెండలో అర్క అనామిక, పర్భణీ క్రాంతి పల్లాకు తెగులు తట్టుకోవడానికే వచ్చాయి. అయితే ఏళ్లు గడిచేకొద్దీ వాటి తట్టుకునే బలం తగ్గిందన్నది నిజం. కాబట్టి రకం ఒక్కదాన్నే నమ్ముకోకండి.

పక్క ప్లాటులో వయ్యారిభామ

మన ప్రాంతానికే ప్రత్యేకమైన సంగతి ఇది, పుస్తకాల్లో ఉండదు. ఒకప్పుడు మన చేను పక్కన ఇంకొక చేను ఉండేది. ఆ రైతూ మందు కొట్టేవాడు, కలుపు తీసేవాడు. ఇప్పుడు పక్కనున్నది వెంచరు. రాళ్లు పాతి, గేటు పెట్టి వదిలేసిన ప్లాట్లలో నడుము ఎత్తు వయ్యారిభామ. యజమాని ఎక్కడో ఉంటాడు. ఆ కలుపే తెల్లదోమకు, తామర పురుగుకు, పిండినల్లికి పుట్టిల్లు. మీరు చేనులో ఎంత శుభ్రంగా ఉన్నా అవి గాలికి వచ్చి వాలుతూనే ఉంటాయి.

2000 సంవత్సరంలో అనంతపురం జిల్లాలో వేరుశనగ పంటను తెగులు తుడిచిపెట్టింది. మొవ్వులు మాడి మొక్కలు చచ్చిపోయాయి. కారణం పొగాకు చారల వైరస్ అని తర్వాత తేల్చారు. ఆ వైరస్ దాగి ఉన్నది వయ్యారిభామలో. దాని పుప్పొడి గాలికి ఎగిరి వేరుశనగ మీద పడింది, తామర పురుగు గీకిన గాయాల్లోంచి లోపలికి పోయింది. గట్టు మీది కలుపు ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ప్లాటు యజమానిని వెతికి పట్టుకుని కలుపు తీయించడం అయ్యే పని కాదు. అయ్యేది ఒకటుంది: పంచాయతీనో, మున్సిపాలిటీనో పట్టుకుని పూతకు రాకముందే కోయించమని నలుగురు రైతులు కలిసి అడగడం. అదీ కాకపోతే మీ గట్టుకు ఆనుకుని పది అడుగుల మేర మీరే పీకేయడం మేలు. పూత మీదున్నప్పుడు ఒట్టి చేతులతో పీకకండి, ఒంటికి దురద, కొందరికి ఆయాసం వస్తాయి. చేతి తొడుగులు, మూతికి గుడ్డ ఉండాలి.

నిలువునా వాడిన మొక్క: గ్లాసు నీళ్ల పరీక్ష

నిన్నటిదాకా నిగనిగలాడిన టమాట మొక్క ఇవాళ మధ్యాహ్నం ఉడికించిన ఆకుకూరలాగా వాలిపోతుంది. నీళ్లు పెట్టినా లేవదు. దీనికి కారణాలు మూడు ఉండొచ్చు, తేల్చుకోవడానికి ఖర్చేమీ లేదు. మొక్కను పీకి మొదలుకు కొంచెం పైన కాండాన్ని వేలెడు ముక్క కోయండి. గాజు గ్లాసులో శుభ్రమైన నీళ్లు పోసి, ముక్క కింది కొన నీటిలో మునిగేలా పట్టుకోండి. ఐదు నిమిషాల్లో కోసిన చోటినుంచి పాల దారాల్లాంటివి కిందికి దిగితే అది బాక్టీరియా ఎండు తెగులు. దారాలు లేక, కాండం చీల్చితే లోపల గోధుమ రంగు గీత ఉంటే శిలీంధ్రపు ఎండు తెగులు. రెండూ లేక, వేళ్ల మీద చిన్నచిన్న బుడిపెలు కనబడితే నులి పురుగు.

బాక్టీరియా అని తేలితే ఆ మడిలో కనీసం రెండు మూడేళ్లు టమాట, వంగ, మిరప, ఆలు వేయొద్దు. ఈ నాలుగూ ఒకే కుటుంబం, తెగులు ఒకటే. జొన్న, మొక్కజొన్న, ఉల్లి వేసుకోవాలి. వాడిన మొక్క దగ్గర్నుంచి పారే నీరు మిగతా మడులకు పోకుండా ఆపాలి. డ్రిప్పు ఉన్నవాళ్లకు ఈ బాధ తక్కువ. నులి పురుగుకైతే బంతి మంచి మందు. బంతి వేళ్లలోని రసం నులి పురుగును అణిచిపెడుతుంది. మన దగ్గర బంతి ఎలాగూ వేస్తాం. బతుకమ్మ, దసరా, దీపావళికి పూలు కోసుకున్న మడిలోనే తర్వాతి పంటగా టమాట వేయండి. ఎకరాకు 200 కిలోల వేపపిండి దుక్కిలో వేస్తే ఇంకా మంచిది.

బూడిద, బూజు: ఒకటి కాదు

సొర, బీర, కాకర, దోస తీగల మీద రెండు తెగుళ్లు వస్తాయి. పేర్లు దగ్గరగా ఉండటంతో చాలామంది కలిపేస్తారు. ఆకు పైన తెల్లటి పిండి చల్లినట్టు ఉండి, బొటనవేలితో తుడిస్తే పోతే అది బూడిద తెగులు. పగలు పొడిగా, రాత్రి చల్లగా ఉండే రోజుల్లో ఎక్కువ. ఆకు పైన పసుపు రంగు పలకల్లాంటి మచ్చలు, అడుగున బూడిద రంగు నూగు ఉంటే అది బూజు తెగులు. ఇది ముసురు పట్టిన రోజుల్లో వస్తుంది.

బూడిద తెగులుకు గంధకపు పొడి మందు గులాబీ మీద, మామిడి పూత మీద లీటరుకు 3 గ్రాములు కలిపి కొట్టొచ్చు. ఎండ ముదిరిన రోజుల్లో మాత్రం వద్దు, ఆకు మాడుతుంది. తీగ కూరగాయల మీద గంధకం ఏ రోజూ వద్దు, ఆకులు కాలిపోతాయి. వాటికి పెరటి వైద్యం ఒకటుంది. ఒక వంతు పాలు, తొమ్మిది వంతుల నీళ్లు కలిపి వారానికోసారి ఎండ ఉన్న పూట చల్లడం. బ్రెజిల్ దేశంలో 1999లో సొర జాతి మొక్క మీద దీన్ని పరీక్షించి పనిచేస్తుందని రాశారు. రెండు పాదులున్న ఇంట్లో ఇది బాగుంటుంది. అరెకరం తోటకు పాలు పోయమని ఎవరూ చెప్పరు. లీటరుకు 5 గ్రాముల వంటసోడా, నాలుగు చుక్కల కుంకుడు రసం కలిపి కూడా కొట్టుకోవచ్చు, ముందు రెండాకుల మీద చల్లి మర్నాడు చూసుకున్నాకే. బూజు తెగులుకు వేరే మందు కావాలి: మాంకోజెబ్ లీటరుకు 2.5 గ్రాములు, ఆకు అడుగు తడిసేలా.

ఇక్కడ ఒక హెచ్చరిక. మన ఇళ్లల్లో పాత వ్యవసాయ పంచాంగాలు, పాత పత్రికల కత్తిరింపులు ఉంటాయి. వాటిలో బూడిద తెగులుకు డైనోకాప్, ట్రైడెమార్ఫ్ రాసి ఉంటాయి. నారుమడికి ఫోరేట్ గుళికలు అని ఉంటుంది. కూరగాయలకు మోనోక్రోటోఫాస్ అని కూడా ఉంటుంది. ఇవేవీ ఇప్పుడు వాడకూడదు. కూరగాయల మీద మోనోక్రోటోఫాస్‌ను 2005లోనే ఆపేశారు. ట్రైడెమార్ఫ్, బెనోమిల్ మందులను 2018లో నిషేధించారు. ఫోరేట్ 2020 చివరితో పోయింది. డైనోకాప్‌ను 2023లో నిషేధించారు. అటక మీద పాత డబ్బా ఉంటే "ఉంది కదా" అని వాడకండి.

గులాబీ, నిమ్మ, మైలుతుత్తం

గులాబీలో నల్లమచ్చ తెగులు వానాకాలంలో ఆకులన్నీ రాల్చేస్తుంది. రాలిన ఆకులు అక్కడే వదిలేస్తే వాటినుంచే మళ్లీ పైకి లేస్తుంది. కాబట్టి మొదటి పని చీపురు పట్టడం. నీళ్లు మొదట్లో పోయాలి గాని ఆకుల మీద కాదు, అదీ పొద్దున పూట. కొమ్మ కొననుంచి నల్లబడి కిందికి ఎండుతూ వస్తే ఎండుకొమ్మ తెగులు. ఎండిన భాగం కింద రెండంగుళాల పచ్చి కొమ్మతో సహా కోసి, కోసిన చోట బోర్డో పేస్టు పూయాలి. అక్టోబరులో కత్తిరింపులు చేసినప్పుడు అందరూ కోస్తారు, పూత పూసేవాళ్లు తక్కువ.

నిమ్మ చెట్టు ఆకుల మీద, కాయల మీద గరుకు గజ్జి మచ్చలు పెరటి చెట్లన్నిటికీ ఉన్నదే. ఇది బాక్టీరియా. ఆకు తొలిచే పురుగు చేసిన సొరంగంలోంచి సులభంగా లోపలికి పోతుంది. అందుకే లేత ఇగురు వచ్చినప్పుడు వేపగింజల కషాయం కొట్టి ఆ పురుగును ఆపితే గజ్జి సగం ఆగుతుంది. కషాయానికి అరకిలో వేపపప్పు పొడిని గుడ్డలో మూటగట్టి నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున పిండి, 10 లీటర్లు చేసి, కొంచెం సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం చల్లాలి. వానకు ముందు గజ్జి కొమ్మలు కత్తిరించి కాల్చి, లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కొట్టాలి. ఇదివరకు దీంట్లో స్ట్రెప్టోసైక్లిన్ కలపమని రాసేవారు. అది మనుషుల జబ్బులకు వాడే యాంటీబయాటిక్ జాతి. దాన్ని పంటల మీద ఆపడానికి కేంద్ర వ్యవసాయ శాఖ 2021 డిసెంబరులో ముసాయిదా ఉత్తర్వు తెచ్చింది. పెరటి నిమ్మకు దాని అవసరమే లేదు.

బోర్డో మిశ్రమం ఇంట్లో చేసుకునే మందు. ఫ్రాన్సు దేశంలో ద్రాక్ష బూజు తెగులుకు 1885లో వెలుగులోకి వచ్చింది. మన రంగారెడ్డి జిల్లాలో అనాబ్-ఎ-షాహి ద్రాక్ష తోటలకు పేరున్న రోజుల్లో మైలుతుత్తం లేని ఇల్లు ఉండేది కాదు. తోటలు పోయాయి, మందు చేసే విద్య కూడా చాలామంది మరిచారు. ఒక ప్లాస్టిక్ బకెట్‌లో 5 లీటర్ల నీళ్లలో 100 గ్రాముల మైలుతుత్తం కరిగించండి. ఇంకో బకెట్‌లో 100 గ్రాముల కొత్త రాతి సున్నం కొద్ది నీళ్లతో తాళించి, 5 లీటర్లు చేసి వడపోయండి. చల్లారాక మైలుతుత్తం నీళ్లను సున్నం నీళ్లలో పోస్తూ కర్రతో కలపండి. ఇనుప, రాగి, ఇత్తడి పాత్రలు వద్దు. తయారయ్యాక శుభ్రమైన చాకును అందులో ఒక నిమిషం ముంచి తీయండి. చాకుకు తుప్పు రంగు అంటితే సున్నం చాలలేదన్నమాట, ఇంకొంచెం కలపాలి. లేకపోతే ఆకు మాడుతుంది. ఆ రోజు చేసింది ఆ రోజే వాడాలి. ఇదే 100 గ్రాములు, 100 గ్రాములు లీటరు నీళ్లలో చిక్కగా చేస్తే పైన చెప్పిన పేస్టు.

తెగులు కాని తెగులు

టమాట కాయ అడుగున నల్లటి, తోలులాంటి మచ్చ పడితే తెగులనుకుని మందు కొడతారు. అది సున్నపు ధాతువు కాయకు అందకపోవడం. మూడు రోజులు ఎండబెట్టి నాలుగో రోజు ముంచడం వల్ల వస్తుంది. నీళ్లు కొద్దికొద్దిగా, క్రమంగా ఇస్తే తర్వాతి కాయలు బాగుంటాయి. మల్లె, గులాబీ, కరివేపాకు లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుపధాతు లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం ఎడంతో రెండుసార్లు చల్లితే పచ్చబడుతుంది. కుండీల్లో మొక్క చనిపోవడానికి మాత్రం మొదటి కారణం అడుగున రంధ్రం పూడిపోవడమే.

విమానం దిగిన బ్యాగులో, నర్సరీ సంచిలో

మన ఊళ్లనుంచి గల్ఫ్‌కో, అమెరికాకో పోయిన పిల్లలు వచ్చేటప్పుడు గులాబీ కొమ్మో, విత్తనాల పొట్లమో తేవాలని చూస్తారు. అమ్మకు ఇష్టమని తెస్తారు, తప్పు పట్టలేం. కానీ 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి పర్మిట్, ఆ దేశపు ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా మొక్క, విత్తనం తేకూడదు. ఇదేదో కాగితాల గొడవ అనుకోవద్దు. బొప్పాయి పిండినల్లి మన దేశంలో 2008లో కోయంబత్తూరు దగ్గర బయటపడి బొప్పాయి, మల్బరీ, మందార దేన్నీ వదల్లేదు. 2010లో ప్యూర్టోరికో నుంచి దాన్ని చంపే చిన్న కందిరీగను తెప్పించి వదిలాకే దారికొచ్చింది. కొబ్బరి మీద సుడుల తెల్లదోమ 2016లో, మొక్కజొన్న మీద కత్తెర పురుగు 2018లో వచ్చాయి. మిరప రైతులను 2021లో ముంచిన నల్ల తామర పురుగు కూడా ఆగ్నేయాసియాదే. 2020లో ఎవరు పంపారో తెలియని విత్తన పొట్లాలు పోస్టులో వస్తున్నాయని కేంద్రమే హెచ్చరించింది. అలాంటివి వస్తే విత్తకుండా వ్యవసాయాధికారికి అప్పగించాలి.

విదేశీ మొక్క దాకా ఎందుకు, రోడ్డు పక్క నర్సరీలో కొన్న మొక్క కూడా తెగులు మోసుకురావచ్చు. కొనేముందు సంచి కొంచెం జరిపి వేళ్లు చూడండి. బుడిపెలుంటే వద్దు. ఆకు అడుగున తెల్లటి దూది ఉంటే వద్దు. తెచ్చిన మొక్కను మిగతా మొక్కలకు దూరంగా రెండు వారాలు ఉంచాకే నాటండి. పిండినల్లి కనబడితే చీమలను కూడా చూడండి. వాటిని ఒక మొక్క మీదనుంచి ఇంకో మొక్క మీదికి మోసేది చీమలే.

కొట్టేముందు, కొట్టాక

ఆకుకూరలు ఇరవై ఐదు, ముప్పై రోజుల పంట. తోటకూర మీద తెల్ల తుప్పు మచ్చలు వస్తే మచ్చ ఆకులు తీసి పారేసి, మిగతాది త్వరగా కోసి, ఆ మడిలో తర్వాత వేరే కూర వేయండి. వారంలో అమ్మబోయే కూర మీద మందు కొట్టడమంటే తినేవాళ్ల కంచంలో పోయడమే, అందులో మన ఇంటి కంచం కూడా ఉంటుంది. కాయగూరల మీద డబ్బా మీద రాసిన గడువు పూర్తయ్యాకే కోత కోయాలి. డబ్బా మీది త్రికోణం రంగు చూడండి: ఎరుపు అన్నిటికంటే ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. పెరట్లోకి ఎరుపు డబ్బా రానివ్వకండి.

మందు కొట్టిన పంపును వాగులో, కాలువలో కడగొద్దు. మన మండలంలో చాలా ఊళ్ల వాన నీరు ఈసీ వాగు ద్వారా 1927లో కట్టిన హిమాయత్‌సాగర్‌కే చేరుతుంది. ఆ నీళ్లు నగరం తాగింది. కడిగిన నీళ్లను చేనులోనే, బోరుకు దూరంగా పోయాలి.

తెగులు తేలకపోతే అడగడానికి మనకున్నన్ని చోట్లు వేరే మండలాలకు లేవు. రాజేంద్రనగర్‌లో జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఉన్నాయి. హయత్‌నగర్‌లో క్రిడా వారి కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోన్ చేస్తే తెలుగులోనే చెబుతారు. నమూనా తీసుకుపోయేటప్పుడు పూర్తిగా ఎండిన కొమ్మ పట్టుకుపోతే ఎవరూ ఏమీ చెప్పలేరు. సగం బాగున్న, సగం చెడిన మొక్కను వేళ్లతో సహా తవ్వి, మట్టి దులపకుండా పాత పేపర్లో చుట్టి, అదే రోజు తీసుకెళ్లాలి. ప్లాస్టిక్ సంచిలో నీళ్లు చల్లి మూట కడితే దారిలోనే కుళ్లిపోతుంది. దాంతోపాటు ఇప్పటిదాకా కొట్టిన మందుల డబ్బాలు, లేదా వాటి ఫోటోలు కూడా చూపించండి.